ఏడో నంబరు బస్తాలు

ముత్యాలు కాయని దవడకి ఆనించి ఊపాడు. లోపల కొబ్బరి గుండు కదిలి పెంకుకి తగిలింది. ఆ తాకిడి దవడ ఎముకలోంచి పళ్లలోకి వచ్చింది. కాయని అటక కన్నంలోంచి కిందకి వదిలాడు. ఇంకోటి తీశాడు. ఆనించాడు. ఊపాడు. ఏమీ తగల్లేదు. దాన్ని ఎడమ పక్కకి దొర్లించాడు. ఎడమ పక్కవి నూనె మిల్లుకి పోతాయి.

పొద్దున్న ఏడున్నర అయింది. అటక మీద ఇంకా మసకగానే ఉంది. పెంకుల సందుల్లోంచి దిగిన ఎండ గీతల్లో పీచు దుమ్ము తిరుగుతోంది. తాటి పట్టెల మీద పది నెలల కిందట ఎక్కించిన కాయలు గోడ నుంచి గోడకి మోకాలెత్తున పరిచి ఉన్నాయి. పచ్చగా ఎక్కినవి ఇప్పుడు ఎలక రంగుకి వచ్చాయి. ముసురు రోజుల్లో కింద కొబ్బరి పీచు డొక్కలు రాజేసి పొగ పెట్టి పెట్టి వాసాలు నల్లబడిపోయాయి. ఆ వెచ్చదనానికి కాయలో నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి పెంకుని వదిలి గుండులా కదిలితే అది కురిడీ. ఉత్తరాదిన పెళ్లిళ్లకీ పూజలకీ అదే కావాలి. కురిడీ అయిన కాయా, నీళ్లు మిగిలిన కాయా, లోపల కుళ్లిన కాయా పైకి ఒక్కలాగే ఉంటాయి. చెవి దగ్గర ఊపి, విని, ఏరాలి. ముత్యాలు పని అదే.

ముత్యాలుకి చెవులు వినపడవు. రెండేళ్లయింది.

ముందు కుడి చెవి పోయింది. చీము కారి ఆగింది. ఆగాక అందులో ఏమీ మిగల్లేదు. ఎడమది నెమ్మదిగా పోయింది. ఏ రోజు పోయిందో అతనికే తెలియదు. ఒకనాడు అటక మీద ఉండగా వాన పట్టుకుంది. పెంకుల సందుల్లోంచి చినుకులు మీద పడుతున్నాయి గానీ చప్పుడు లేదు. అప్పుడు తెలిసింది. అమలాపురం వెళ్లి చూపించుకుంటే డాక్టరు చెవిలో పెట్టుకునే మిషను రాసిచ్చాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. కాయలు వినేవాడు చెవిలో మిషను పెట్టుకుని కొట్టుకి వస్తే ఆ పూటే ఇంటికి పంపేస్తారు. కాగితం చొక్కాతో పాటు ఉతుకులో పోయింది.

ఆ సీమలో చెవుడు దాచుకోవడం అంత కష్టం కాదు. ఎవరేమన్నా ఆయ్ అంటే సరిపోతుంది. కొట్టు యజమాని అన్నా ఆయ్. గుమస్తా అన్నా ఆయ్. నలుగురు నవ్వినప్పుడు నవ్వాలి. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి సగం పైన పోల్చుకోగలడు. భార్య వీరాయమ్మ మాత్రం, పెళ్లాం మాటంటే ఆయనకి లక్ష్యం లేదు, కావాలనే పలకడు అని ఇరుగుపొరుగుతో చెప్పుకుంటుంది. అదే నయం అనుకున్నాడు ముత్యాలు.

చెవి పోయాక ఎముక దొరికింది. అదీ అనుకోకుండా. ఒక మధ్యాహ్నం దిగులు పుట్టి కాయ మీద గెడ్డం ఆనించి కూర్చున్నాడు. చెయ్యి కదిలి కాయ కదిలింది. లోపలి గుండు దవడలోకి కొట్టింది. ఆ రోజు నుంచి అలాగే ఏరుతున్నాడు. గట్టి కురిడీ తెలుస్తుంది. నీళ్లు తెలుస్తాయి. ఒక్కటి మాత్రం తెలియదు. కుళ్లి పెంకుని వదిలిన కొబ్బరి కూడా కురిడీలాగే కదులుతుంది. చప్పుడులోనే తేడా. మంచిది ఖంగుమంటుంది, కుళ్లింది తడిగుడ్డ మీద కొట్టినట్టు మెత్తగా పలుకుతుంది. ఎముకకి తాకిడి తెలుస్తుంది గానీ చప్పుడు తెలియదు. అందుకని రోజూ భయమే. ఇంకో పని చేసే వయసు కాదు. యాభై తొమ్మిది.

కన్నం కింద సత్యానందం ఉన్నాడు. పైనుంచి వదిలిన కాయలు ఏటవాలు బల్ల మీద జారి అతని పక్కకి వస్తాయి. నేలలో పాతిన గునపం మీద కాయని గుచ్చి, విరిచి, మూడు తిప్పుళ్లలో డొక్క ఒలిచేస్తాడు. కాయ కళ్ల మీద ఇంత పీచు పిలక వదులుతాడు. పిలక ఉన్న కాయే బస్తాకి ఎక్కుతుంది. పిలక లేకపోతే అక్కడ పూజకి పట్టుకెళ్లరు.

వాళ్లిద్దరిదీ పదేళ్ల జత. అంతకుముందు ముత్యాలు దింపు పని చేసేవాడు. చెట్టెక్కి గెలలు కోసేవాడు. తొంభై ఆరు తుఫానుకి ఎక్కడానికి చెట్టు లేకుండా పోయింది. ఇరవై రోజులు ఊరికే తిరిగాడు. అప్పుడు సత్యానందం పేటలోంచి నడుచుకుంటూ వచ్చి, మా కొట్టులో అటక మీదకి మనిషి కావాలంట, రమ్మన్నాడు. అప్పటికి ముఖపరిచయమే. ఆ రోజు నుంచి ఒకడు పైన, ఒకడు కింద. సత్యానందం ఆదివారం చర్చికి పోతాడు. ముత్యాలు ఎప్పుడైనా శనివారం అప్పనపల్లి గుడికి వెళ్లి వస్తాడు. చుట్టరికం ఏమీ లేదు. బావా అని పిలుచుకుంటారు. పదేళ్లలో మాట్లాడుకున్నవన్నీ కలిపితే ఒక సాయంత్రానికి చాలవు.

మొదట్లో సత్యానందం కిందనుంచి కేకేసేవాడు. వదులు బావా, ఆపు బావా అని. రెండేళ్ల కిందట కేకలు మానేశాడు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని, దగ్గు, అని చూపించాడు. ఇంటి నుంచి విరిగిన రోకలి ముక్క ఒకటి తెచ్చుకున్నాడు. దానితో అటకని మోసే స్తంభం మీద కొడతాడు. ఒక దెబ్బ కొడితే వదలమని. రెండు దెబ్బలు కొడితే ఆపమని. మూడు కొడితే అన్నానికి దిగమని. ఆ దెబ్బ స్తంభం ఎక్కి, దూలం దాటి, తాటి పట్టెల్లోంచి ముత్యాలు అరికాళ్లలోకి వచ్చేది. ముత్యాలుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎంత మంచి దగ్గు అనుకున్నాడు. వెంటనే తప్పనిపించి లెంపలేసుకున్నాడు.

నెలన్నర కిందట చీటీలు వచ్చాయి. అంతకుముందు లారీలో పదో పాతికో కుళ్లిన కాయలు వెళ్లినా ఎవరు ఏరినవో తెలిసేది కాదు. ఇప్పుడు ఉత్తరాది షావుకారు పద్ధతి మార్చాడు. బస్తా మెడకి పసుపు పచ్చ ప్లాస్టిక్ చీటీ కట్టాలి. చీటీ మీద ఏరిన మనిషి నంబరు ఉండాలి. అక్కడ బస్తా విప్పినప్పుడు కుళ్లు కనపడితే ఆ నంబరు ఫోనులో ఇక్కడికి వస్తుంది. ఊళ్లో కొట్లన్నిటికీ కలిపి నంబర్లు వరసగా ఇచ్చారు. ఈ కొట్టులో రెండు అటకలు. తూర్పు అటక ముత్యాలుది, ఏడో నంబరు. పడమటి అటక సూరయ్యది, ఎనిమిదో నంబరు. కొట్టు యజమాని మాణిక్యాలరావుగారు మొదటి చీటీ తన చేత్తో కడుతూ, ఇక మీదట కాయ కాయకీ ఒక మనిషుంటాడు అన్నారు. ముత్యాలు ఆయ్ అన్నాడు. ఆ పూట కేరేజీ విప్పలేదు.

ఆరు లారీలు వెళ్లాయి. ఫోను మోగితే అతనికి వినపడదు. అందుకని కిందకి దిగినప్పుడల్లా మాణిక్యాలరావుగారి చేతివంకే చూసేవాడు. చెయ్యి చెవి దగ్గరికి వెళితే అది దిగేదాకా అక్కడే ఆగేవాడు. ఈ రోజు శుక్రవారం. రేపు సాయంత్రం ఏడో లారీ.

పదింటికి అరికాళ్ల కింద రెండు దెబ్బలు పడ్డాయి. కన్నంలోంచి చూస్తే సత్యానందం తలెత్తి, ముందు వైపు వేలు చూపించాడు. ముత్యాలు నిచ్చెన దిగాడు.

మాణిక్యాలరావుగారు తూనిక కాటా పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో ఫోను ఉంది. సూరయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. ముత్యాలు ఎండ తన వీపు వైపు, ఆయన ముఖం మీద పడేలా నిలబడ్డాడు. అలాగైతే పెదాలు బాగా కనపడతాయి.  ఇక్కడితో సరి అనుకున్నాడు.

"ఏడో నంబర్లో ఒక్క కుళ్లు కాయ లేదంట ముత్యాలూ. ఆర్లారీల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎవరండీ అతను అని షావుకారు రెండుసార్లు అడిగేడు."

ముత్యాలు ఆ పెదాల వైపే చూస్తుండిపోయాడు. తప్పు పోల్చుకున్నానేమో అనిపించింది. ఆయన నవ్వుతున్నారు. తప్పు కాదు.  ఒక్క కాయ లేకపోవడం ఎలా జరుగుతుంది. చెవులు ఉన్నప్పుడే పది పోయేవి.

ఆయన ఇంకా చెబుతున్నారు. ఎనిమిదో నంబరులో ముప్ఫై ఒక్క కుళ్లు కాయలు వచ్చాయట. సూరయ్యని తప్పు పట్టడం లేదట, అంత మాత్రం అందరికీ వస్తుందట. కానీ షావుకారు ఇక నుంచి ఏడో నంబరు బస్తాలే పంపమంటున్నాడు. పడమటి అటక విప్పేసి అక్కడ ఆరబెట్టే మిషను పెట్టాలని మాణిక్యాలరావుగారికి ఎప్పటి నుంచో ఉంది. పది నెలల పని నాలుగు రోజుల్లో చేసే మిషన్లు వచ్చాయి. అటకలు ఇంకెన్నాళ్లో ఉండవు. ఉన్నన్నాళ్లకి ఒక్క మనిషి చాలు.

"సూరయ్యా, నువ్వు రేపట్నించి రానక్కర్లేదయ్యా. ముత్యాలూ, మిగిలిన కాయంతా నువ్వే చూడాలి. ఏవంటావు?"

ఒక్కో మాటా స్పష్టంగా కనపడింది. సూరయ్య తన వైపే చూస్తున్నాడని కూడా తెలుసు. పక్క కొట్టులో కాయ పడితే ఏ తోటదో చెప్పగల మనిషి సూరయ్య. ఆ సంగతి ముత్యాలు కంటే బాగా ఎవరికీ తెలియదు.

"ఆయ్ అండి" అన్నాడు ముత్యాలు.

సూరయ్యకి కోపం రాలేదు. ఎప్పుడూ వేళాకోళాలాడే మనిషి. దగ్గరికి వచ్చి ముత్యాలు చెవి తమ్మె పట్టుకుని లాగాడు. "ఏం చెవులండీ అన్నయ్యా ఇవి. ఒకటి కోసి ఇచ్చెయ్యండి, మా ఇంట్లో గుమ్మానికి కట్టుకుంటాను. ఉత్తినే పోతున్నాను కదా." అందరూ నవ్వారు. ముత్యాలూ నవ్వాడు. సూరయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. గేటు దగ్గర ఒకసారి ఆగి, తన అటక వైపు చూసి, వెళ్లిపోయాడు.

మళ్లీ నిచ్చెన ఎక్కుతుంటే ముత్యాలుకి మెట్లు తేలిగ్గా అనిపించాయి. కాయ దవడకి ఆనించాడు. ఊపాడు. తాకింది. రెండేళ్లు ఉత్తి భయంతో గడిపాను అనుకున్నాడు. ఎముక చెవి కంటే మేలేమో. కుళ్లిన దాని తాకిడి వేరుగా ఉంటుందేమో, తనకి తెలియకుండానే చెయ్యి దాన్ని పక్కన పెడుతోందేమో. సూరయ్య గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో కాయ తీశాడు.

మధ్యాహ్నం మూడు దెబ్బలు పడ్డాయి. ఇద్దరూ కొట్టు వెనక పంటకాలువ గట్టు మీద కేరేజీలు విప్పుకున్నారు. సత్యానందం చేపల పులుసు కలిపి రెండు ముద్దలు తిని ఆపేశాడు. నుదుటి మీద చెమట ఉంది. గాలి బాగానే వీస్తోంది. అతను లేచి వచ్చి ముత్యాలు ఎదురుగా కూర్చున్నాడు. ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"సూరయ్యని పంపెయ్యకూడదు బావా. నీతో ఓ మాట చెప్పాలి. ఎప్పట్నించో చెప్పాలి."

సూరయ్య మాట ముత్యాలుకి వినాలని లేదు. వినకుండా ఉండటం అతనికి చాలా తేలిక. ముఖం తిప్పుకుంటే చాలు. కేరేజీ పట్టుకుని కాలువ వైపు తిరిగాడు. వంగి, ఇసకతో రుద్ది కడిగాడు. గిన్నె కడిగాడు. మూత కడిగాడు. వెనక సత్యానందం మాట్లాడుతున్నాడని వీపుకి తెలుస్తోంది. కడిగిన మూతే మళ్లీ కడిగాడు.

ఇటు తిరిగేసరికి సత్యానందం నోరు మూసుకుంటున్నాడు. జవాబు కోసం చూస్తున్నాడు.

"ఆయ్" అన్నాడు ముత్యాలు.

 సత్యానందం తలూపాడు. తువ్వాలుతో రొమ్ము తుడుచుకుని, గట్టు మీద చెయ్యి ఊని లేచాడు.

అటక మీద ముత్యాలు కోసం ఒక పరుపు ముక్క ఉంది. మాణిక్యాలరావుగారు తమ ఇంటి నుంచి పంపించారు. పీచు పరుపు, జానెడు మందం. ఏడో నంబరు మనిషి పట్టెల మీద కాళ్లు నొప్పెట్టుకోకూడదన్నారట. గుమస్తా పైకి వచ్చి ఆ మాట చెప్పి, నవ్వి, దిగిపోయాడు. పదేళ్లలో ఎవరూ అతనికి కూర్చోవడానికి ఏమీ ఇవ్వలేదు. ముత్యాలు దాన్ని కన్నం పక్కన పరిచి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మెత్తగా ఉంది. పాదాలు రెండూ ఒళ్లోకి వచ్చాయి.

కాయ తీశాడు. ఆనించాడు. ఊపాడు. వదిలాడు. వీరాయమ్మకి ఎలా చెప్పాలా అని ఆలోచించాడు. మొగుడి సంగతి ఊళ్లో ఏమనుకుంటున్నారో ఆవిడ కూడా వినాలి. కాయ తీశాడు. వదిలాడు. నూనె మిల్లుకి పక్కన పెట్టినవి తక్కువే ఉన్నాయి. ఈ రోజు కాయ బాగుంది. ఎండ గీతలు ఒక దూలం నుంచి ఇంకో దూలానికి జరిగాయి. ఎంతసేపయిందో చూసుకోలేదు. రెండు దెబ్బలు పడలేదు, అతను ఆపలేదు.

ఒక కాయ కన్నంలో నిలిచిపోయింది. తోశాడు. వెళ్లలేదు. పరుపు మీంచి లేచి వంగి చూశాడు. ఏటవాలు బల్ల మీద కాయలు కన్నం దాకా నిండిపోయాయి. నాలుగు కాయలు చేత్తో పైకి తీసి, ఆ సందులోంచి కిందకి చూశాడు.

సత్యానందం స్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. గునపం మీద సగం ఒలిచిన కాయ అలాగే ఉంది. బల్ల మీంచి జారిన కాయలు అతని కాళ్లు కప్పేసి, నడుం దాకా వచ్చి, ఒళ్లో పడి ఉన్నాయి. తల పక్కకి వాలి ఉంది. కుడి చేతిలో రోకలి ముక్క ఉంది.

ముత్యాలు పిలిచాడు. పిలిచానో లేదో అతనికే తెలియదు. నిచ్చెన దిగాడు. కాయల్ని కాలితో తన్ని పక్కకి తొయ్యవచ్చు. కానీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు, గట్టిగా తీస్తే అతనికి నొప్పెడుతుందన్నట్టు. ఒళ్లోవి తీశాడు. మోకాళ్ల మీదవి తీశాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

మనుషులు చేరారు. అందరి నోళ్లూ కదులుతున్నాయి. ఎవరో సైకిలు మీద వెళ్లి ఊళ్లో మందులిచ్చే ఆయన్ని తీసుకొచ్చారు. ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టి, కళ్లు విప్పి చూసి, లేచి నిలబడ్డాడు. గుమస్తాతో అన్న మాట ముత్యాలుకి కనపడింది. గంట పైనే అయ్యుంటుంది అన్నాడు.

గంట. ముత్యాలు ఒలవని కాయల గుట్ట వైపు చూశాడు. గంట సేపు అతని మీదకి కాయలు వదులుతూనే ఉన్నాడు. చేతిలో రోకలి ముక్క ఉంది. అంటే కొట్టాడా. కొట్టబోయాడా. ఒక్కసారి కొట్టాడా, చాలాసార్లు కొట్టాడా. తను జానెడు పరుపు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. చెప్పేవాళ్లు ఎవరూ లేరు. కాళ్ల కింద నేల ఉన్నట్టు అతనికి తెలియలేదు. ఎవరో భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

ఇంటికి తీసుకెళ్లడానికి రిక్షా బండి లోపలికి రావాలి. దారికి సత్యానందం ఒలిచిన డొక్కల గుట్ట అడ్డంగా ఉంది. నలుగురు కలిసి డొక్కలు పక్కకి లాగారు. గుట్ట వెనక గోడ మూల గోనె కప్పి ఏవో ఉన్నాయి. గోనె లాగితే కాయలు. ఒలిచిన కాయలు, రెండు వందలకి పైనే ఉంటాయి. ఒక్కదానికీ పిలక లేదు. గుండు గీసినట్టున్నాయి. నూనె మిల్లుకి పోయేవి కాబోలు అని ఒకతను వాటిని కాలితో తోశాడు. మిల్లు బండి శనివారం వస్తుంది. కానీ మిల్లుకి పోయేవి ముత్యాలు పైనే పక్కన పెడతాడు. అవి ఒలుపుకి రావు. ఒలిచి ఉన్నాయంటే, తను మంచివని వదిలినవే.

ఒక కాయ తీసి దవడకి ఆనించి ఊపాడు. తాకింది. మంచి కురిడీలాగే తాకింది. ఇంకోటి ఊపాడు. అదీ తాకింది.

కబురు తెలిసి సూరయ్య వచ్చాడు. చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు. ముత్యాలు ఆ కాయ అతని చేతిలో పెట్టాడు. సూరయ్య అలవాటుగా చెవి దగ్గర ఊపాడు. ముఖం చిట్లించాడు. ముత్యాలు ఇంకోటి ఇచ్చాడు. ఇంకోటి. ఇంకోటి.

"అన్నీ కుళ్లేనండి. ఇవెవరు వదిలేరండీ అన్నయ్యా?"

ముత్యాలు పిలకలు ఉన్న కాయల వైపు చూశాడు. గోనె మీద వరసగా పేర్చి ఉన్నాయి, రేపటి లారీకి. ఇటు పిలక లేనివి. సత్యానందం ఒలిచిన ప్రతి కాయనీ మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. విని, కుళ్లినదైతే పిలక కూడా పీకేసి గోనె కింద పెట్టాడు. శనివారం మిల్లు బండి వచ్చినప్పుడు మిగతా వాటిలో కలిపేసేవాడు. నెలన్నర నుంచి కాదు. దగ్గు మొదలైనప్పటి నుంచి. ఈ రెండేళ్లలో అతను దగ్గగా తను ఎప్పుడైనా చూశాడా అని ముత్యాలు ఆలోచించాడు. ఒక్కసారీ గుర్తు రాలేదు. రోకలి ముక్క ఎందుకు తెచ్చాడో అప్పుడు తెలిసింది.

సత్యానందం భార్య సుందరమ్మ వచ్చింది. ఏడ్చింది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని నేరుగా ముత్యాలు దగ్గరికి వచ్చింది. ఎదురుగా నిలబడింది. ముఖంలోకి చూస్తూ, అచ్చం సత్యానందంలాగే, ఒక్కో మాటా విడదీసి అంది.

"ఆయన చెప్పేరా అన్నయ్యగారూ? గుండెల్లో నొప్పొస్తోంది, ఎన్నాళ్లుంటానో తెలీదు, బావని చెవికి మిషను తెచ్చుకోమని ఈవేళ చెప్పేస్తానని వెళ్లేరు. చెప్పేరా?"

కాలువ గట్టు, కడిగిన మూత, మూసుకుంటున్న నోరు. ముత్యాలు నోరు తెరిచాడు. 

"ఆయ్. చెప్పేడమ్మా" అన్నాడు.

ఆవిడ తలూపింది. రిక్షాలో పడుకోబెట్టారు. చెయ్యి విప్పి రోకలి ముక్క ముత్యాలే తీశాడు. ఎప్పుడూ ఉండే చోట, స్తంభానికి ఆనించి పెట్టాడు. రిక్షా గేటు దాటింది. జనం వెనకే వెళ్లారు.

మాణిక్యాలరావుగారు పేట దాకా వెళ్లి పొద్దు వాలుతుంటే తిరిగి వచ్చారు. ముత్యాలూ సూరయ్యా ఇంకా కొట్టులోనే ఉన్నారు. ఆయన ముఖం పీక్కుపోయి ఉంది. మంచి మనిషి, ఇలా జరిగిందేమిటి అన్నారు. కొంచెం ఆగి, లారీ రేపు వెళ్లక తప్పదన్నారు. ఒలుపుకి సంతలోంచి వేరే మనిషిని తెస్తానన్నారు. నువ్వు ఎప్పటిలాగే ఏరి వదిలితే చాలు, ఏడో నంబరు ఉంటే నాకు బెంగ లేదు అన్నారు. జేబులోంచి రేపటికి కట్టాల్సిన చీటీల కట్ట తీసి ఇచ్చారు.

ముత్యాలు తీసుకోలేదు. గోనె దగ్గరికి వెళ్లి పిలక లేని కాయలు నాలుగు తెచ్చి ఆయన ముందు కాటా మీద పెట్టాడు.

"ఇవి నేను వదిలినయ్యండి. నాకు చెవుడండి. రెండేళ్లయింది. సూరయ్యని పిలిపించుకోండి."

ఆయనకి అర్థం కాలేదు. సూరయ్య వైపు చూశారు. సూరయ్య కూడా ముత్యాలు వైపే చూస్తున్నాడు. చెయ్యి తెలియకుండానే తన చెవి మీదకి వెళ్లింది. పొద్దున్న వేళాకోళం గుర్తొచ్చిందేమో, వెంటనే దించేసుకున్నాడు.

"మరి ఏడో నంబరు? ఆర్లారీలూ ఎవరు విన్నట్టయ్యా?"

ముత్యాలు కన్నం కిందకి చూపించాడు. గునపం ఉంది. దాని మీద సగం ఒలిచిన కాయ ఉంది. పక్కన ఎవరూ లేరు.

మాణిక్యాలరావుగారు నిండు బస్తా మీద కూలబడ్డారు. బస్తా మెడకి ఏడో నంబరు చీటీ వేలాడుతోంది. ఆయన చెయ్యి దాని మీద పడితే, వెంటనే తీసేసుకున్నారు.  తరవాత సూరయ్యతో పొద్దున్నే రమ్మన్నారు. ముత్యాలుతో కూడా ఏదో అన్నారు. తల దించుకుని అన్నారు. పెదాలు కనపడలేదు. పొమ్మన్నారో, ఉండమన్నారో. రెండు మాటలో మూడు మాటలో.

ముత్యాలుకి ఆయ్ నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాడు.

"వినపడలేదండి" అన్నాడు.

ఆయన తలెత్తారు. అప్పటికి ముత్యాలు గేటు వైపు నడుస్తున్నాడు. పేటకి వెళ్లాలి. పొద్దు పూర్తిగా పోకముందే మట్టి చేస్తారు.

సూరయ్య కొట్టు తలుపు మూయడానికి లోపలికి వెళ్లాడు. గునపం దగ్గర ఆగాడు. అటకని మోసే స్తంభానికి, మనిషి కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తులో, చెక్క దోసెడంత మేర గుంటపడి నున్నగా మెరుస్తోంది. దాని కింద, పక్కకి ఒరగకుండా కుదురుగా ఆనించి, చేతి చెమటకి నల్లబడిన విరిగిన రోకలి ముక్క ఉంది.